సగం పూసిన తురాయి

హైదరాబాదులో ఓ పాత కాలనీ. మే నెల మొదటి వారం, పొద్దున ఆరున్నర. గేటు పక్కన ముప్పై ఏళ్ళ తురాయి చెట్టు. గుల్‌మొహర్ అన్నా అదే. పడమటి పెద్ద కొమ్మ ఆకు కనపడకుండా ఎర్రగా విరగపూసింది. తూర్పు, దక్షిణం కొమ్మలు మాత్రం పచ్చగా ఊరుకున్నాయి. వెతికితే నాలుగు గుత్తులు. చెట్టు కింద ఇద్దరు. మామయ్య విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. సొంతూరు నల్లగొండ జిల్లా, అక్కడ బత్తాయి తోట ఉంది. మేనకోడలు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది.

మామయ్య: వచ్చావా కోడలా! కాఫీ తరవాత తాగుదువుగాని, ముందు దీని సంగతి చూడు. నా చేత్తో నాటిన చెట్టు. మొన్నమొన్నటి దాకా గొడుగు విప్పినట్టు నాలుగు పక్కలా పూసేది. మూడేళ్ళ నుంచి ఇదే వరస. ఒక పక్క పెళ్ళిపందిరి, ఇంకో పక్క అలిగిన మొహం. తెగులేదో పట్టింది. నర్సరీ అతన్ని పిలిస్తే పూతమందు కొడతానన్నాడు. పూయని కొమ్మలు రెండూ తీసేస్తే బలమంతా పూసేదానికి పోతుందని కూడా చెప్పాడు.

మేనకోడలు: ఏ తెగులన్నాడు?

మామయ్య: పేరు చెప్పలేదు.

మేనకోడలు: మందు పేరు?

మామయ్య: అదీ చెప్పలేదు.

మేనకోడలు: తెగులు పేరు తెలియదు, మందు పేరు తెలియదు, కొమ్మలు నరకడం మాత్రం ఖాయమైపోయింది. మామయ్యా, నాకు ఇందులో జబ్బేమీ కనపడటం లేదు. ఆ పచ్చని ఆకు చూడండి, మచ్చ లేదు, ముడత లేదు. చెట్టు బాగానే ఉంది. అది నిలబడ్డ చోటే ఒక్కో పక్క ఒక్కో రకంగా ఉంది.

మామయ్య: మీ చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ. ఒక చెట్టుకు ఒకటే మొదలు. ఒకే నేల, ఒకే వాన. ఆ పక్కకు ఒక న్యాయం, ఈ పక్కకు ఒక న్యాయం ఎక్కడిది? పైగా ఈ సమస్య నా చెట్టుదే కాదు. పక్క వీధిలో ఒకే రోజు నాటిన చెట్లు వరసగా ఉన్నాయి. ఒకటి ఏప్రిల్‌లోనే పూసి రాల్చేస్తోంది, దాని పక్కది ఇంకా మొగ్గ కూడా వేయలేదు.

మేనకోడలు: ఆ రెండూ వేరు సంగతులు, కలపకండి. వీధి వెంట తురాయిలన్నీ గింజ నాటి పెంచినవి. మామిడి అంటులాగా ఒకే తల్లి కొమ్మ నుంచి వచ్చినవి కావు. ఒకే తల్లి పిల్లల్లో ఒకడు పొద్దున్నే లేస్తాడు, ఇంకొకడు ఎనిమిదయ్యాక లేస్తాడు. అది పుట్టుక. కానీ ఒకే చెట్టు సగం పూసి సగం మానేస్తే పుట్టుకతో పని లేదు, రెండు సగాలకూ పుట్టుక ఒకటే. అప్పుడు ఏ పక్క ఏం జరిగిందని అడగాలి. తూర్పు నుంచి మొదలుపెడదాం. మీ శాఖవాళ్ళ తీగలు అటే వెళుతున్నాయి కదా?

మామయ్య: అనుకున్నాను, చివరికి మా మీదికే వస్తావని! కొమ్మ తీగకు తగిలితే కొట్టక ముద్దు పెట్టుకుంటామా? ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగ తెగితే కాలనీ అంతా చీకటి. ఎవరైనా తొక్కితే ప్రాణమే పోతుంది. వేసవి గాలులు మొదలయ్యేలోపు కొమ్మలు కొట్టించడం మా ఉద్యోగం.

మేనకోడలు: కొట్టవద్దని అనను. ఎప్పుడు కొట్టారు, ఎంత కొట్టారు, అదే నా ప్రశ్న. తురాయి పూలగుత్తి కొమ్మ చివరన వస్తుంది. నడిమి కొమ్మ మీదా, మొదలు మీదా రాదు. ఈ పక్క జనవరిలో కొట్టారని మీరే ఫోన్‌లో చెప్పారు. వేసవిలో పూయాల్సిన చివర్లన్నీ ఆ రోజే లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. ఇక మొండి దగ్గర నుంచి లేచిన ఆ రెమ్మలు చూడండి, చీపురు నిలబెట్టినట్టు నిట్టనిలువుగా ఉన్నాయి. నరికిన చెట్టు ముందు పోయిన ఆకును తిరిగి తెచ్చుకుంటుంది. పూల ఆలోచన ఆ తరవాతే.

మామయ్య: అట్లా అయితే ఆ రోడ్డవతలి చెట్టు? దాన్నీ మావాళ్ళే కొట్టారు. తీగల పక్క కూడా పూసింది, కళ్ళుంటే చూడు.

మేనకోడలు: దాన్ని ఎప్పుడు కొట్టారు?

మామయ్య: అది... పోయిన జూన్‌లో. తొలి వానకు ఓ కొమ్మ తీగల మీద వాలితే అప్పటికప్పుడు చివర్లు తీసేశారు.

మేనకోడలు: జవాబు మీ నోటి నుంచే వచ్చింది. పూత అయిపోయాక, వానల మొదట్లో, చివర్లు మాత్రమే తీశారు. కొత్త చివర్లు ఎదగడానికి దానికి వానాకాలం, చలికాలం రెండూ దొరికాయి. మన చెట్టును పూతకు మూడు నెలల ముందు మొండెం దాకా నరికారు. కత్తి ఒకటే, నెల వేరు.

మామయ్య: సరే, తూర్పు సంగతి ఒప్పుకుంటాను. దక్షిణం మీద ఎవరూ కత్తి పెట్టలేదే! అటు అపార్ట్‌మెంటు తప్ప ఏముంది? నీడంటావేమో, అది చెల్లదు. ఇది మే నెల. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడే పడదు. పేపర్లో ఏటా వేస్తారు. మిట్టమధ్యాహ్నం ఆ కొమ్మల మీద నిప్పులు చెరుగుతుంది.

మేనకోడలు: మేలో ఎండ సరిపడా ఉంది, నిజమే. అయితే మేలో పూసే పువ్వు మేలో సంపాదించిన సొమ్ము కాదు మామయ్యా. ఫిబ్రవరి, మార్చిలో ఈ చెట్టు ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. అంతకు ముందు జూన్ నుంచి జనవరి దాకా ఆకు కూడబెట్టినదే ఇప్పుడు ఖర్చవుతోంది. డిసెంబరులో సూర్యుడు ఎటు ఉంటాడు?

మామయ్య: దక్షిణాన, వాలుగా.

మేనకోడలు: డిసెంబరు నెలాఖరులో ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు కూడా 49 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. ఆ అపార్ట్‌మెంటు 15 మీటర్లుంటే దాని నీడ మిట్టమధ్యాహ్నం 13 మీటర్లు పరుచుకుంటుంది. పొద్దునా సాయంత్రం ఇంకా పొడుగు. గోడకూ చెట్టుకూ మధ్య దూరం ఆరు మీటర్లు కూడా లేదు. ఆ కొమ్మలు చలికాలమంతా నీడలోనే సంసారం చేశాయి. మీరు మే ఎండను చూసి లెక్క కట్టారు, చెట్టు డిసెంబరు ఎండను చూసి కట్టింది. అపార్ట్‌మెంటు వచ్చి ఎన్నేళ్ళయింది?

మామయ్య: నాలుగేళ్ళు. ఊఁ... మూడేళ్ళ నుంచే ఇట్లా ఉందని నేనే అన్నాను కదూ.

మేనకోడలు: ఇంకోటి అడుగుతాను, కోప్పడకండి. ఆ దక్షిణపు పాదులో తడేమిటి?

మామయ్య: మరి పూయని పక్కకే కదా బలం కావాలి! రోజూ పొద్దున్నే పైపు పెట్టి అరగంట నీళ్ళు వదులుతున్నాను. పోయిన వానాకాలంలో యూరియా కూడా వేశాను. నా తోటలో చెట్లకు వేయడం లేదా ఏమిటి? ఆకు ఎట్లా నిగనిగలాడుతోందో చూడు.

మేనకోడలు: ఆకే కదా నిగనిగలాడేది! యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. నత్రజని ఆకుకూ రెమ్మకూ మేత. మామయ్యా, బత్తాయి తోటలో పూత కావాలంటే మీరేం చేస్తారు?

మామయ్య: బెట్టకు వదులుతాం. నవంబరు, డిసెంబరులో నీళ్ళు ఆపేస్తాం. ఆకు వడిలి, కాస్త రాలాక, పాదులు తవ్వి ఎరువేసి జనవరిలో నీళ్ళిస్తాం. ఒక్కసారిగా పూత కమ్ముకుంటుంది.

మేనకోడలు: ఆ నెలల్లో ఎవరైనా దయతలచి రోజూ నీళ్ళు పెడితే?

మామయ్య: తోట పాడు చేసినవాడవుతాడు. ఆకు వస్తుంది, పూత రాదు... ఓహో, అక్కడికి తెచ్చావా!

మేనకోడలు: తోటలో తెలిసిన మనిషి గేటు దగ్గర మరిచిపోయారు. తురాయికి బెట్ట కొత్త కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. దాని సొంతగడ్డ మడగాస్కర్ దీవి. అక్కడి పొడి అడవుల్లో నెలల తరబడి చినుకు పడదు. ఆకు రాల్చుకుని ఓపిక పట్టడం, అదను చూసి పూయడం దాని బతుకు. బోజర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ దీన్ని చూసి బయటి ప్రపంచానికి తెలియజేశాడు. 1829లో హుకర్ శాస్త్రీయంగా వర్ణించి ప్రకటించాడు. ఆ తరవాత ఎండదేశాలన్నీ అలంకారం కోసం తెచ్చి నాటుకున్నాయి. తలపాగా మీది కుచ్చు పేరు పెట్టి తురాయి అని మనవాళ్ళూ సొంతం చేసుకున్నారు. మన దక్కను ఎండ దానికి హాయిగా సరిపోయింది. ఏడాది పొడుగునా తడి ఉండే చోట ఈ చెట్టు పూర్తిగా మోడు కూడా కాదు.

మామయ్య: ఆగు, ఇక్కడ దొరికావు. నేను నీళ్ళు పోసింది దక్షిణం పాదులోనే అయినా తాగింది చెట్టు. తాగితే పడమటి కొమ్మకూ అందాలి కదా! దానికి అందలేదా? ట్యాంకులో ఏ మూల నీళ్ళు పోసినా మట్టం ఒకటే.

మేనకోడలు: చెట్టు ట్యాంకు కాదు, మీ సబ్‌స్టేషను. ఒక సబ్‌స్టేషను నుంచి నాలుగు ఫీడర్లు బయలుదేరితే, ఒక ఫీడరు మీద లోడు పెరిగిందని రెండోదాని ఇళ్ళలో బల్బు వెలుతురు పెరుగుతుందా?

మామయ్య: పెరగదు. ఏ ఫీడరు లోడు దానిదే.

మేనకోడలు: చాలా చెట్లలో ఈ పక్క వేళ్ళు తాగిన నీరు ఎక్కువగా ఈ పక్క కొమ్మలకే ఎక్కుతుంది. కలపలోని సన్నని గొట్టాలు అట్లా పేర్చి ఉంటాయి. కొన్ని చెట్లలో అవి మెలి తిరిగి ఎక్కుతాయి, అప్పుడు నీరు వేరే పక్క తేలుతుంది. మొత్తానికి అందరికీ సమానంగా పంచే ఏర్పాటు చెట్టు లోపల లేదు. మామిడిలో మీరు చూసే ఉంటారు, ఒక ఏడు ఈ కొమ్మ కాసి, మరుసటి ఏడు అది విశ్రాంతి తీసుకుంటుంటే పక్క కొమ్మ కాస్తుంది. కాసిన కొమ్మ ఖజానా దానికే ఖాళీ అవుతుంది.

మామయ్య: వీధిదీపం సంగతి వదిలేశావే? రాత్రంతా వెలుగుంటే చెట్టు నిద్రపోదంటారు.

మేనకోడలు: కొట్టిపారేయను. దీపం పక్క కొమ్మలు ఆకు ఆలస్యంగా రాలుస్తాయని చలిదేశాల్లో కొన్ని జాతుల మీద 1930లలోనే గమనించారు. కానీ మన దీపం ఎటుంది? పడమర. విరగపూసింది ఆ పక్కే. కాబట్టి ఈ కేసులో దాన్ని నిర్దోషిగా వదిలేయవచ్చు.

మామయ్య: అంటే నీ తీర్పు ఇదీ: పూసిన పక్క ఆరోగ్యంగా ఉంది, పూయని పక్క మనుషులు చేసిన పాపం. కత్తి మావాళ్ళది, గోడ బిల్డరుది, పైపు నాది.

మేనకోడలు: అంతే. పడమరకు ఎండా దొరికింది, బెట్టా దొరికింది, కత్తీ తగలలేదు. పూసింది.

మామయ్య: ఇప్పుడు నా మాట విను. నువ్వు పూయనిదానికి మూడు కారణాలు చెప్పావు, ఒప్పుకున్నాను. పడమటి కొమ్మ సంగతి నాకు మొదటి నుంచీ తేడాగానే ఉంది. ఎండా బెట్టా దానికి పాతికేళ్ళుగా ఉన్నవే. నాలుగు పక్కలా సమంగా పూసిన రోజుల్లో కూడా అది ఇంత పూయలేదు. పోయినేడు కంటే ఈ ఏడు ఎక్కువ. ఆకు చూస్తే చిన్నది, పసుపు తిరిగింది. మిగతా కొమ్మల కంటే నెల ముందే రాల్చేసింది. నా అనుభవంలో ఆరిపోయే ముందు బల్బు ఒక్కసారి భగ్గుమంటుంది. దీనికి నీ పుస్తకంలో ఏం రాసి ఉంది?

మేనకోడలు: ఆకు చిన్నదైందా? నెల ముందే రాలిందా? ఈ సంగతి ముందే చెప్పాల్సింది మామయ్యా. నిచ్చెన ఉందా?

మామయ్య: లైన్‌మన్ ఇంట్లో నిచ్చెన లేకపోతే ఎట్లా? నువ్వు పట్టుకో, నేనెక్కుతాను... ఆగు... ఇక్కడ కొమ్మకు జి.ఐ. తీగ చుట్టి ఉంది. బెరడులోకి దిగిపోయింది, సగం కనపడటమే లేదు. తీగకు పైన లావుగా ఉబ్బింది, కింద సన్నగా ఉంది.

మేనకోడలు: ఎవరు కట్టారో?

మామయ్య: (కాసేపు ఆగి) ముడి చూస్తే తెలిసిపోతోంది. ఇది నా ముడే. మూడేళ్ళ కిందట వినాయక చవితికి కాలనీ ఫ్లెక్సీ కట్టాను. పండగయ్యాక ఫ్లెక్సీ విప్పాను, తీగ మరిచాను. లైన్‌మన్ ముడి కదా, ఊడదు.

మేనకోడలు: మీ అనుమానమే నిజం, నా తీర్పులో సగం తప్పు. నీరు కలపలోంచి పైకి ఎక్కుతుంది. ఆకు వండిన చక్కెర మాత్రం బెరడు లోపలి పొరలోంచి కిందికి, వేళ్ళకు దిగుతుంది. తీగ బిగుసుకుని ఆ దిగే దారిని నొక్కేసింది. పైకి నీళ్ళు వస్తూనే ఉన్నాయి, కిందికి చక్కెర పోవడం లేదు. అందుకే తీగకు పైన ఉబ్బు. ఇల్లు దాటని సొమ్మంతా కొమ్మలోనే పోగుపడితే చాలా చెట్లు దాన్ని పువ్వుల మీద ఖర్చు చేస్తాయి. ద్రాక్ష రైతులు కొమ్మ చుట్టూ బెరడు ఉంగరంలా తీసేది ఈ కిటుకుతోనే.

మామయ్య: మా నాయనమ్మ కాయని పనసచెట్టుకు కొడవలితో గాట్లు పెట్టించేది. చెట్టుకు భయం చెప్పాలనేది.

మేనకోడలు: భయం సంగతేమో గాని, గాటు చేసే పని ఇదే. అయితే రైతు తీసిన సన్నని ఉంగరం కొన్ని వారాల్లో మానిపోతుంది. మీ ముడి మూడేళ్ళుగా బిగుస్తూనే ఉంది. కింద వేళ్ళకు తిండి అందకపోతే అవి చస్తాయి, వేళ్ళు చస్తే కొమ్మకు నీరందదు. ఆకు చిన్నబోవడం అందులో మొదటి మెట్టు. మనం పొద్దున్నుంచీ జబ్బు లేని పక్క పంచాయతీ చేస్తూ కూర్చున్నాం. జబ్బు ఉన్నది ఈ పెళ్ళిపందిరి పక్కనే. పూత చూసి ఆరోగ్యమనుకోవడం నా పొరపాటు.

మామయ్య: పూత లేకపోతే తెగులనుకోవడం నాది. నర్సరీ అతని మాట విని ఆ పచ్చకొమ్మలు కొట్టించి ఉంటే?

మేనకోడలు: ఈ చెట్టు వేళ్ళకు ఇప్పుడు అన్నం పెడుతున్నది ఆ పచ్చకొమ్మలే. వాటిని కొడితే చెట్టు మిగిలిన ఒక్క కొమ్మ మీద ఆధారపడుతుంది, అదేమో కిందికి పైసా పంపలేదు. పైగా తురాయి వేళ్ళు లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. కొమ్మ పెళుసు. బరువంతా ఒకే పక్కకు చేరితే తొలకరి గాలికి గేటు మీదే కూలుతుంది. ఇక చెట్టు మొత్తం కొట్టేద్దామన్నా 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి లేకుండా కుదరదు.

మామయ్య: చేయాల్సింది చెప్పు. కటింగ్ ప్లేయరు జేబులోనే ఉంది.

మేనకోడలు: తీగను రెండు మూడు చోట్ల తుంచండి. బయటికి ఉన్న ముక్కలు తీసేయండి. బెరడులో మునిగినవి లాగకండి, లాగితే మిగిలిన బెరడూ చిరిగిపోతుంది. దక్షిణం పాదుకు రోజూ పైపు ఆపండి, ముప్పై ఏళ్ళ చెట్టుకు వాననీళ్ళు చాలు. యూరియా బత్తాయికి దాచుకోండి. మొదలు చుట్టూ రోడ్డు సిమెంటు ఆనుకుని ఉంది కదా, మీటరు మేర పగలగొట్టించి మట్టి కనపడనివ్వండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు దూరం కాంక్రీటు తీసేయమని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలే చెప్పింది. తీగల పక్క కొమ్మలు కొట్టాల్సి వస్తే...

మామయ్య: జూన్‌లో, పూత రాలాక, చివర్లు మాత్రమే. ఆ మాట మావాళ్ళకు నేను చెబుతాను. ఇంకా సర్వీసులో ఉన్న కుర్రాళ్ళు నా మాట వింటారు. మరి అపార్ట్‌మెంటు నీడకు మందేమిటి?

మేనకోడలు: దానికి మందు లేదు. గోడ అక్కడే ఉంటుంది, చలికాలపు సూర్యుడు దాని వెనకాలే నడుస్తాడు. దక్షిణపు కొమ్మలు ఇకముందు కూడా ఆకు ఎక్కువ, పువ్వు తక్కువగానే ఉంటాయి. నాలుగు పక్కలా సమంగా పూసిన చెట్టు మళ్ళీ మీకు కనపడకపోవచ్చు.

మామయ్య: పోనీలే. వేసవిలో ఈ కుర్చీకి నీడ ఇచ్చేది ఆ పక్కే. ఇదిగో, తీగ తెగింది. మరి ఈ పడమటి కొమ్మ బతికిందో లేదో తెలిసేదెట్లా? వచ్చే మేలో ఇంతకంటే తక్కువ పూస్తే చచ్చిపోతున్నట్టా?

మేనకోడలు: ఆకు పెద్దదై, పచ్చబడి, పూత తగ్గితే బాగుపడినట్టు లెక్క. మళ్ళీ ఇంతే విరగపూస్తే నాకు ఫోన్ చేయండి, నిచ్చెన వేద్దాం.